బాపు ‘ఇనవడలే’ అనని ఆదివారం

మంచి మాట చెప్పడానికి ఇప్పుడు ఒక్క వేలు చాలు. ఫోన్లో అలా నొక్కితే చిన్నాన్న కొడుకు బండి కొన్నదీ, పెద్దమ్మ మోకాలి నొప్పి తగ్గిందీ చుట్టాలందరికీ నిమిషంలో తెలిసిపోతుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో అలా కాదు. మంచి మాట చెప్పాలంటే ఆదివారం రావాలి, చర్చిలో ఆరాధన అయిపోవాలి, బాపు ట్రాలీ ఆటోలో డీజిల్ ఉండాలి, నలుగురం తుర్కయంజాల్ చెరువు దాకా పోవాలి. అప్పుడుగానీ నోరు విప్పకూడదు. (చెడ్డ మాటకు ఈ కట్టుబాటు లేదు. ఎవరైనా, ఎప్పుడైనా, అన్నం పళ్ళెం ముందైనా చెప్పొచ్చు.) ఎందుకిలా అంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న గదికీ, ఓనరాంటీ వంటింటికీ మధ్య ఒకటే గోడ. ఇటు మేం తుమ్మితే అటునుంచి “చిరంజీవ” అని వినపడేది. ఆంటీ వాళ్ళది గుంటూరు వైపు, మనసు వెన్న, నోరు మాత్రం మైకు. మేం దిష్టిని నమ్మేవాళ్ళం కాదు, పాస్టరుగారు నమ్మొద్దని చెప్పారు. నమ్మకుండానే జాగ్రత్తపడేవాళ్ళం, అంతే.

బాపు ఆ ట్రాలీని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో నడిపేవాడు. వారమంతా పండ్లు మోసిన బండి ఆదివారం మమ్మల్ని మోసేది. వెనకాల రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చాప, కోడికూర గిన్నె, ఆ గిన్నె ఒలికిపోకుండా కాళ్ళ మధ్య పట్టుకుని తమ్ముడు. ఏ కాలమో మాకు ట్రాలీ వాసనే చెప్పేది. సీతాఫలం వాసనొస్తే చెరువు నిండినట్టే, అలుగు దుంకే నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని అన్నం తినేవాళ్ళం. జామ వాసనప్పుడు కట్ట మీద మంచు, పుల్లలు ఏరి మంట వేస్తే అందులో అమ్మ చీర అంచు ఓసారి కాలింది కూడా. ద్రాక్ష వాసనొచ్చేసరికి నీళ్ళు వెనక్కి జరిగి, నెర్రెలిచ్చిన మట్టి మీద తమ్ముడికి క్రికెట్ పిచ్ తయారయ్యేది. ఇక మామిడి వాసనంటే ఎండ. నీడ లేక నలుగురం ట్రాలీ కిందే దూరి, చక్రాల మధ్య నుంచి చెరువును చూసేవాళ్ళం.

మంచి మాట చెప్పేవాళ్ళు కట్ట మీద తూము రాయెక్కి నిలబడాలి. మిగిలినవాళ్ళు నీళ్ళవైపు చూస్తుండాలి. మాట చెప్పగానే బాపు చెవి దగ్గర చెయ్యి పెట్టి, “ఏందంటివి? ఇనవడలే!” అనేవాడు. మళ్ళీ చెబితే, “గాలి మస్తున్నది బిడ్డా, ఇనవడలే!” (ఆకు కూడా కదిలేది కాదు.) మూడోసారి గొంతు చించుకుంటే అప్పుడు వినపడేది. అప్పుడు సీటు కింద గడ్డిలో దాచిన పండు బయటికి తీసేవాడు, ఆ వారం మొత్తం మీద మంచి పండు. అమ్మ కడుపులో తమ్ముడున్న సంగతి ఆ రాయి మీదే తెలిసిందట. నేను పది పాసైన సంగతీ అక్కడే. నేను డిగ్రీలో చేరిన రోజు నుంచి బాపుది ఒకటే పాట. “డిగ్రీ మాట మాత్రం గట్టిగ చెప్పాలె బిడ్డా. అవతలి గట్టు దాక పోవాలె.” నాకు ముందు మా వంశంలో ఐదో తరగతి దాటినవాళ్ళే లేరు. డిగ్రీ పాసయ్యే మొదటి మగవాడి కోసం కాదు, మొదటి మనిషి కోసమే ఎదురుచూస్తున్నాం అప్పటికి. ఆ మనిషి నేనేనని నాకు మహా గర్వం.

బీకాం రిజల్ట్స్ ఒక గురువారం వచ్చాయి. ఫస్ట్ క్లాస్! ఆదివారానికి ఇంకా మూడు రోజులు. నెట్ సెంటర్ అన్నకు ఎలాగూ తెలిసింది, ఆయన చూసే కదా చెప్పాడు. మార్కుల కాగితం జిరాక్స్ తీస్తూ జిరాక్స్ అన్న, “ఏంది అక్కా, పదకొండు కాపీలు?” అన్నాడు, చెప్పక తప్పలేదు. చంపాపేట బస్సులో కండక్టరు చిల్లర లేదని విసుక్కుంటే, “ఈరోజు తిట్టకు అన్నా, డిగ్రీ పాసైన” అన్నాను. మిర్చి బజ్జీల అక్క ఏమీ అడగలేదు పాపం, తనకు నేనే చెప్పాను. అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాను, మా బాపుకు మాత్రం చెప్పొద్దని. (వాళ్ళకు మా బాపెవరో కూడా తెలీదు.)

ఇంటికొస్తే అమ్మ నా మొహం చూసి, “మొఖం ఏందే అట్ల ఎర్రగయ్యింది? జరమొచ్చిందా?” అని నుదురు మీద చెయ్యి వేసింది. పెదాలు బిగబట్టి నీళ్ళ బిందె తీసుకుని వాకిట్లోకి పరిగెత్తాను. పంపు దగ్గర ఓనరాంటీ ఉంది.

“ఏవిటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?”

“ఏం లేదాంటీ.”

“ఏం లేకపోతే బిందె నిండి పొర్లిపోతున్నా చూడవేం?”

అంతే, బిందెతోపాటు నేనూ పొర్లిపోయాను. ఆంటీ నన్ను వాటేసుకుని, తన చెంగుతో నా కళ్ళు తుడిచి, “మీ నాన్నకి నేనెందుకు చెబుతానే, పిచ్చిదానా!” అని ఒట్టేసింది. ఆంటీ ఆ ఒట్టు తప్పలేదు. ఆ మాట ఇప్పటికీ చెబుతాను.

ఆదివారం వచ్చింది. మృగశిర దాటింది, తొలివానలు పడ్డాయి, చెరువులో నీళ్ళు సగం, ట్రాలీలో ఆఖరి మామిడిపండ్ల వాసన. అమ్మ గిన్నెలు దించకముందే నేను తూము రాయెక్కాను. ముగ్గురూ నీళ్ళవైపు తిరిగారు. “బాపూ, నేను డిగ్రీ పాసైన! ఫస్ట్ క్లాస్!” అన్నాను. మొదటిసారి కావాలనే కాస్త మెల్లగా అన్నాను, అసలు కేకను మూడోసారికి దాచుకుని.

అమ్మ “దేవా!” అని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు గంతేశాడు. బాపు చెయ్యి చెవి దాకా లేచింది, అక్కడే ఆగింది, తల గోక్కుని కిందికి దిగింది.

“మంచిది బిడ్డా,” అన్నాడు. “మస్తు సంబురం.”

అంతే. రెండో కేక గొంతులో సిద్ధంగా ఉంది, మూడోది కడుపులో ఉంది. అడిగేవాళ్ళు లేరు. తమ్ముడు పరీక్ష తప్పకుండా గట్టెక్కితేనే మూడుసార్లు అడిగిన మనిషి, నా డిగ్రీకి ఒక్కసారీ అడగలేదు. రాయి దిగి వెళ్ళి ట్రాలీలో కూర్చున్నాను. బాపు గడ్డిలోంచి హిమాయత్ మామిడిపండు తీసి తెచ్చాడు, అరచెయ్యంత పండు.

“తిను బిడ్డా.”

“నాకొద్దు.”

“నీ కోసమే పెట్టిన.”

“వద్దన్న కదా బాపూ!”

ఆ పండు తమ్ముడు తిన్నాడు, టెంక తెల్లబడేదాకా చీకాడు. (ఇప్పటికీ, “నీ డిగ్రీ మస్తు తియ్యగుండె అక్కా” అంటాడు.) సాయంత్రం దాకా ట్రాలీ దిగలేదు నేను. బాపు మాత్రం రెండు మూడుసార్లు తూము రాయి దాకా నడిచి వచ్చాడు, అక్కడేదో మరిచిపోయినట్టు.

ఇంటికొచ్చేసరికి ఓనరంకుల్ గేటు దగ్గర పేపరుతో కూర్చున్నారు. “ఏవమ్మా గ్రాడ్యుయేటూ, చెప్పేశావా మీ నాన్నకి? హమ్మయ్య! శుక్రవారం మార్కెట్లో పండ్లు కొంటూ నేను కంగ్రాట్స్ చెప్పేసరికి మీ నాన్న నా రెండు చేతులూ పట్టేసుకున్నాడు. ‘ఇంటికాడ అనకుండ్రి సార్, బిడ్డ ఐతారం చెప్తది’ అని ఒకటే బతిమాలుడు!”

ఆంటీ బాపుకు చెప్పలేదు, నిజమే. అంకుల్‌కు చెప్పకూడదని నేను ఒట్టు వేయించుకోలేదు.

బాపు ట్రాలీలోంచి కుర్చీలు దించుతున్నాడు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“నీకు ముందే తెల్సా బాపూ?”

“శుక్రారం తెల్సింది.”

“మరి ఇనవడలే అని ఎందుకనలే? ఎప్పుడూ అంటవు కదా, ఒట్టిగనే!”

బాపు కుర్చీ మీద కుర్చీ పెట్టి, వాటిని సరిచేసి, మళ్ళీ సరిచేశాడు. “అందామనే ఉండె. నోట్లెదాక ఒచ్చింది. గప్పుడంటే ఆటకు అన్న. గిప్పుడు రెండు దినాల సంది గదే మాట చెవుల్ల మోగుతుంటే, ఇన్నదాన్ని ఇనలేదని ఎట్లంట బిడ్డా?”

మూడు రోజులు నోరు మూసుకోలేక ఊరంతా చాటింది డిగ్రీ చదివిన నేను. తెలిసిన మాటను కడుపులో పెట్టుకుని, నా ఆదివారం నాకు మిగల్చాలని చూసింది ఐదో తరగతి బాపు. బస్సు కండక్టరుకు దక్కిన మొదటి మాట ఆయనకు దక్కలేదు. ఆ పైన ఆయన చేతిలో పండు కూడా తీసుకోలేదు నేను. ఆ తర్వాత ఉద్యోగం మాట, ప్రమోషన్ మాట నోరు కుట్టేసుకుని మరీ చెరువు దాకా మోశాను. బాపు మూడుసార్లూ అడిగాడు. అయినా ఆ ఒక్క ఆదివారం మాత్రం లెక్కలోకి రాకుండానే ఉండిపోయింది.

ఇప్పుడు మార్కెట్ తరలిపోయింది, ట్రాలీ అమ్మేశాం. బాపుకు చెవులు నిజంగానే వినపడవు. మిషన్ కొనిస్తే డబ్బాలో పెట్టి భద్రంగా దాచుకున్నాడు. మొన్న మామిడిపండ్ల కాలం అయిపోతుండగా ఆయన్ని చెరువుకు తీసుకెళ్ళాను. ఎదురుగా అపార్ట్‌మెంట్లు లేచాయిగానీ తూము రాయి అక్కడే ఉంది. మోకాళ్ళు పట్టుకుని ఎక్కాను. బాపు నీళ్ళవైపు చూస్తున్నాడు.

“బాపూ, నేను డిగ్రీ పాసైన!”

“ఏందంటివి? ఇనవడలే.”

“డిగ్రీ పాసైన బాపూ!”

“గాలి మస్తున్నది. ఇనవడలే!”

మూడోసారి అరిచాను, ఇన్నేళ్ళుగా కడుపులో ఉండిపోయిన కేక. నీళ్ళ మీది కొంగలు లేచాయి. వాకింగ్‌కొచ్చిన ఒక కుర్రాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, నా తెల్లజుట్టు వైపు ఓసారి చూసి, “కంగ్రాట్స్ మేడం. రిజల్ట్స్ ఇప్పుడొచ్చినయా?” అని అడిగాడు.

“లేదు బాబూ, ఎప్పుడో వచ్చినయ్. ఇంట్లో చెప్పుడే జర లేటయింది.”

బాపు సంచిలో చెయ్యి పెట్టి ఒక హిమాయత్ పండు తీశాడు. అది ఎప్పుడు కొన్నాడో, ఎందుకు తెచ్చాడో, అసలు చెవికి వినపడిందెన్నోసారో నేను అడగలేదు. ఈసారి వద్దనకుండా అక్కడే, రాయి మీదే, మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తిన్నాను. ఈ సంగతి తమ్ముడికి ఇంటికెళ్ళాక తీరిగ్గా చెప్పాలనుకున్నాను. కట్ట దిగకముందే ఫోన్ తీశాను.