సరోజమ్మ అడిగిన అంకె

మద్రాసులో పెట్రోలు రిఫైనరీ ఉన్న మనలి వైపు నుంచి గాలి మళ్లితే మా తిరువొత్తియూరు ఇంట్లోకి గ్యాసు వాసన వస్తుంది. ఈ పొద్దున కాఫీ తాగుతుంటే వచ్చింది. కిటికీ మూయబోయి ఆగాను. ఆ వాసన వచ్చినప్పుడల్లా పోయినవి లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు. ఒక సైకిలు ముందు చక్రం. దాని మీద వెళ్తున్న మనిషి కుడి మోకాలి చిప్ప. ఆయన పనికి పోలేకపోయిన డెబ్బై ఒక్క రోజులు. నా చేతికి రాని ట్యాంకరు లారీ ఒకటి. ఇవి నా వల్ల పోయినవి. మా అమ్మాయి వల్ల పోయినవి ఒక పూలబుట్ట, స్కూటీ అద్దం, మూడు నెలల లైసెన్సు. ఆఖరున సరోజమ్మ. ఆవిడ ఎవరి వల్లా పోలేదు, వయసై పోయింది. అయినా ఆవిడను కలపకుండా నా కూడిక ముగియదు.

మనలిలో ఆవిడకు పద్నాలుగు పెట్రోలు ట్యాంకర్లుండేవి. భర్త పోయాక యార్డు తానే నడిపింది. డ్రైవరు పనికి ఎవరొచ్చినా, లైసెన్సు చూడకముందే ఒకే మాట అడిగేది, "ఎన్ని?" అని. ఇంతవరకు చేసిన యాక్సిడెంట్లు ఎన్ని అని అర్థం. ఆ మనిషి గుమ్మం ఎక్కేలోపే పాత యార్డుల్లో విచారించి అసలు అంకె తెలుసుకుని ఉంచేది. ఆవిడ నోటుబుక్కులో పేరు పక్కన మూడు గళ్లు: చెప్పినది, ఉన్నది, తేడా. తేడా గడిలో సున్నా పడితేనే తాళంచెవి. మునుసామి అనే ఆయన తల వంచుకుని మూడు అన్నాడు, ఆ రోజే బండెక్కాడు. రెండు చేసిన ఇంకొకాయన సున్నా అన్నాడు. ఆయనకు టీ ఇప్పించి పంపేసింది.

మూడు చేసినవాడికి బండి ఎలా ఇచ్చారమ్మా అని నేను తర్వాతెప్పుడో అడిగాను.

"మూడు చెప్పినోడు, అబ్బయ్యా, నాలుగోది జరిగితే మొదట నాకు ఫోన్ చేస్తాడు. సున్నా చెప్పినోడు పెట్రోలు కారతా ఉంటే బండి ఆడనే వదిలేసి పరిగెత్తతాడు. ఆ రోడ్డు మీద జనాలకి ఎవురు చెప్తారు?"

యార్డులో ఆవిడ ఆఫీసు గదిలో నేనూ నిలబడ్డాను, ఇరవై నాలుగేళ్ల వయసులో, కొత్త హెవీ లైసెన్సు పట్టుకుని. అంతకు నాలుగు నెలల ముందు వ్యాను నడుపుతూ సైకిలాయన్ని కొట్టాను. వ్యాను ఓనరు మాట్లాడి రాజీ చేయించాడు, కేసు కాలేదు. కాగితం మీద లేనిది లెక్కలోకి రాదనుకున్నాను. ఆవిడ అడిగింది. సున్నా అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తలమీది ఫ్యాను కిర్రుమంటోంది. చదువు ఎంతవరకని అడిగితే ఎనిమిదితో ఆపేశానన్నాను.

"అది మాత్రం నిజం చెప్పినావు. బండి ఇయ్యను. ఆ స్టూలు మీద కూర్చో, లెక్కలు చూడు."

ఆ 'మాత్రం' నాకప్పుడు తగల్లేదు. పందొమ్మిదేళ్లు ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ట్యాంకులో కొలకడ్డీ ముంచితే ఎంత తడిసింది, ఎండకు పెట్రోలు ఎంత ఉబ్బింది, దించాక ఎంత తగ్గింది. ఇవి నాకెవరూ నేర్పలేదు. ఆవిడ కాగితం చూసి "తప్పు" అని వెనక్కి నెట్టేది. ఎక్కడ తప్పో చెప్పేది కాదు. సాయంత్రం దాకా వెతికేవాణ్ని. అలా వెతికీ వెతికీ వచ్చిందే నా చదువంతా.

యార్డు అమ్మేసిన రోజు బీరువా ఖాళీ చేస్తూ ఒక పాత నోటుబుక్కు నా చేతికిచ్చింది. తిరగేస్తుంటే నా పేరు కనబడింది. చెప్పినది 0. ఉన్నది 1. తేడా 1. తలెత్తితే ఆవిడ నన్నే చూస్తోంది.

"ఏమన్నా చెప్పాల్నా?"

చెప్పాల్సింది ఒక్క అంకె. "ఏం లేదమ్మా" అన్నాను. సరే పోయిరా అంది. మూడు నెలలకు ఆవిడ పోయింది.

రెండు నెలల కిందట మా అమ్మాయి మాధవి ఒక విమాన సంస్థ ఇంటర్వ్యూ కోసం ఫారం నింపుతోంది. పైలట్ లైసెన్సు ఉంది, గాల్లో తిరిగిన రెండు వందల పన్నెండు గంటలున్నాయి. ఆరు నెలల్లో వచ్చిన పిలుపు ఇదొక్కటే. ఇది పోతే మళ్లీ ఎప్పుడో తెలీదు. ఒక గడి దగ్గర ఆగిపోయింది. డ్రైవింగ్ లైసెన్సు ఎప్పుడైనా సస్పెండయిందా, ఎన్నిసార్లు అని అడిగారు. కాలేజీ రోజుల్లో పురసవాక్కం సిగ్నల్ దగ్గర ఫోన్ మాట్లాడుతూ ఎర్ర లైటు దాటి, ఒక పూలావిడ బుట్టను గుద్దింది. లైసెన్సు మూడు నెలలు ఆపేశారు.

"స్కూటీకీ విమానానికీ ఏం సంబంధం నాన్నా? సున్నా పెట్టేస్తా. ఎవరు చూస్తారు?"

నా బుర్ర అప్పటికే లెక్క వేసింది. రాస్తే ఉద్యోగం పోవచ్చు. రాయకపోతే దొరికే అవకాశం చాలా తక్కువ. పెట్టెయ్ అనబోయాను. నోరు తెరిచాను కూడా. కానీ అనకుండా లేచి వెళ్లి సరోజమ్మ ఇచ్చిన నోటుబుక్కు తెచ్చి, ఆ పేజీ తీసి ఆమె ముందు పెట్టాను. మూడు గళ్ల సంగతి చెప్పాను, సైకిలాయన సంగతీ చెప్పాను. అంతకు ముందు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాధవి నా పేరు పక్కన గళ్లు చదివింది. "అయితే నాకు కూడా ఇన్నేళ్లూ సున్నానే చెప్పినావా నాన్నా" అంది. గడిలో 1 కొట్టింది.

ఇంటర్వ్యూ రోజు బయట బస్టాపులో కూర్చున్నాను. మిగతా పిల్లలు ఇరవై నిమిషాలకే వచ్చేశారు. మాధవికి యాభై అయిదు పట్టింది. మొహం పాలిపోయి ఉంది. ఒక పెద్ద పైలట్ సగంసేపు ఆ గడి గురించే అడిగాడట. గుద్దాక ఏం చేశావని అడిగితే, పూలు ఏరిచ్చానని చెప్పింది. "మొదట పారిపోదామనుకున్నానని కూడా చెప్పినా నాన్నా." ఆయన ఏదో రాసుకున్నాడు, నవ్వలేదు.

పందొమ్మిది రోజులు ఫోన్ మోగినప్పుడల్లా అదేనేమోనని ఇంట్లో అందరం పరిగెత్తాం. ఇరవయ్యో రోజు ట్రైనింగుకు రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ ఒకటి చూసి తీసుకున్నారో, దాన్ని క్షమించి తీసుకున్నారో నాకు తెలీదు. ఆ లెక్క నాకందదు.

కాఫీ చల్లారింది. నోటుబుక్కు నా బల్ల సొరుగులోనే ఉంది. మా అమ్మాయికి చెప్పాను. సైకిలాయన కొడుకును వెతికి, ఆ రోజు గుద్దింది నేనేనని అతనికీ చెప్పాను. అడిగినావిడకు చెప్పలేదు. ఆ పేజీలో, తేడా గడిలో, నా పేరు పక్కన ఇప్పటికీ 1.