బావ అమ్మేయమన్న జపాన్ కారు

మిషన్ ఆసుపత్రి డాక్టరుగారు స్వదేశం వెళ్తూ నాకమ్మిన అరవై ఆరు మోడల్ జపాన్ కారును మా బావ ఎప్పుడూ అగ్గిపెట్టె అంటాడు. ఈ రోజు ఒంగోలు చర్చిలో ఆయన కూతురి పెళ్లి. తీరా చూస్తే పర్చూరు దాటగానే పెళ్లికూతురితో వెళ్తున్న ఆయన కొత్త కారు పొగలు కక్కి ఆగిపోయింది. వెనకే వస్తున్న నేను ఆపాను.

"ఏరా, ఈ డొక్కు ఇంకా అమ్మలేదా?" అన్నాడు బావ.

"అమ్మను బావా. ముందు ఎక్కండి."

తాళం తిప్పగానే, పెళ్లికూతురి ఈడున్న ఆ కారు ఎప్పటిలాగే కదిలింది. వేళకు చేర్చింది. కాకపోతే నిన్నటిదాకా అందులో మిరపకాయ బస్తాలు మోశాను. పిల్ల పాస్టరుగారి ముందు ధారగా కారే కన్నీళ్లతో నిలబడింది. పుట్టింటి మీద బెంగ అనుకుని వియ్యపురాలు కూడా కళ్లు తుడుచుకుంది.

కారు మాత్రం చచ్చినా అమ్మను. సీట్లు కడిగించమంటారా, కడిగిస్తాను.