గట్టు మీద పెట్టిన ఒట్టు

నాకు పొగరు ఎక్కువని మా వాడలో అందరూ అనేవారు. అబద్ధమేమీ కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, మిలిటరీలో నాలుగేళ్ళ సర్వీసు, పైగా కమాండో ఎంపికకు పేరు ఇచ్చి, రెండు నెలల సెలవు మీద సారపాకలో బస్సు దిగిన మనిషికి పొగరు కాక ఇంకేముంటుంది? ఎనభైల నడిమి సంగతి. మా యూనిట్ నుంచి అంతకుముందు ఆ ఎంపికకు వెళ్ళిన నలుగురూ నెల తిరక్కుండానే పెట్టే బేడా సర్దుకుని వెనక్కి వచ్చేశారు. "ఐదోవాణ్ణి నేను. నేను మాత్రం రాను" అని క్యాంటీన్లో బల్ల గుద్ది మరీ చెప్పాను. నెగ్గితే ముదురెరుపు టోపీ. ఓడితే మిగతా సర్వీసంతా ఆ బల్ల దగ్గరే, ఆ నలుగురితోనే కూర్చుని టీ తాగాలి. చచ్చినా అది నా వల్ల అయ్యే పని కాదు.

సెలవు మొదటి రోజు నుంచే సాధన మొదలుపెట్టాను. ఎరువుల సంచిలో గోదావరి ఇసుక నింపి, తాళ్ళు బిగించి వీపున వేసుకుని, కాగితం మిల్లు గేటు నుంచి గోదావరి వంతెన మీదుగా భద్రాచలం బస్టాండు దాకా పరుగు, మళ్ళీ వెనక్కి. శనివారాలు అడవి దారిలో దానికి రెండింతలు, ఎందుకంటే ఆదివారం పరుగు కుదరదు, ప్రార్థనకు వెళ్ళకపోతే అమ్మ అన్నం పెట్టదు. పొద్దుటి షిఫ్టుకు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు వదిలేవాళ్ళు కాదు. "ఏందిరో, ఆ మూట ఎవలిది? ఎత్కపోతున్నవా?" అని ఒకడు, "మెల్లగ ఉరుకు, పోలీసోళ్ళు ఇంకా లేవలే" అని ఇంకొకడు. వెదురు లారీల డ్రైవర్లు జాలిపడి బండి ఆపి ఎక్కమనేవారు. నేను ఎక్కనంటే తల మీద వేలితో సున్నా చుట్టి, "ఇది పోయింది" అన్నట్టు చూసి వెళ్ళిపోయేవారు.

మిల్లు యార్డులో వెదురు దింపించే పని చేసే మా నాన్న ఒకరోజు నా సంచి ఎత్తి చూశాడు. "ఇసుక మోసుడు నేర్సుకోనీకి అంత దూరం మిలిటరీ ఎందుకురా? కాంట్రాక్టరు దగ్గర చేరితే కూలన్న ఇస్తడు గద" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చి ఆ పూట ఇంకో రెండు దోసిళ్ళ ఇసుక ఎక్కువ నింపాను.

పరుగుకు నేను భయపడలేదు. ఆకలికీ నిద్ర లేకపోవడానికీ భయపడలేదు. ఎవరికీ చెప్పుకోని భయం ఒక్కటే, నీళ్ళు. ఎంపికలో నీళ్ళ పరీక్ష ఉంటుంది, అందులో తప్పినవాణ్ణి ఆ సాయంత్రమే ఇంటికి పంపిస్తారు. నాకేమో ఈత రాదు. గోదావరి ఒడ్డున పుట్టి ఈత రాదంటే నవ్వుతారని ఆ మాట సొంత యూనిట్లో కూడా బయటపెట్టలేదు. రిక్రూటుగా ఉన్నప్పుడు మా ట్రైనింగ్ సెంటర్లో ఈతకొలను పగుళ్ళిచ్చి ఏడాదంతా ఎండి ఉంది కాబట్టి బతికిపోయాను.

ఈత ఎందుకు రాదంటే, అమ్మ మీద ఒట్టు ఉంది కనుక.

నాకు ఆరేళ్ళప్పుడు మా మేనమామ గోదావరిలో పోయాడు. అమ్మ వాళ్ళది ఎగువన పడవలు నడుపుకునే కుటుంబం. ఆ దరిలో ఆయనంత ఈతగాడు లేడని చెప్పుకునేవారు. వానకాలంలో వెదురు తెప్ప మీద దిగువకు వస్తుంటే తెప్ప విడిపోయింది. మూడో రోజున దొరికాడు. ఆయన్ని పూడ్చి వచ్చిన సాయంత్రం అమ్మ నా కుడిచేతిని తన నెత్తి మీద పెట్టుకుని, "మోకాళ్ళు దాటి గోదాట్ల దిగనని ఒట్టెయ్యి. దిగితే నేను సచ్చినంత ఒట్టు" అంది. వేశాను. అంతే, నా ఈడు వాళ్ళందరూ చేపల్లా ఈదుతుంటే నేను ఒడ్డున చెంబుతో నీళ్ళు పోసుకుని స్నానం చేస్తూ పెరిగాను. మా పాస్టరు గారు ఒట్లు పెట్టుకోవడం తప్పని ప్రసంగం చేసినప్పుడల్లా నేను అమ్మ వైపు గుర్రుగా చూసేవాణ్ణి. అమ్మ ముసుగు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూసేది. ఆమెకు వాక్యమంటే ప్రాణమే, కానీ తమ్ముడి చావు దగ్గర పాస్టరు గారి మాట కూడా చెల్లలేదు.

సెలవులో ఇరవై రోజులు గడిచాక నాకో ఉపాయం తట్టింది. ఒట్టు గోదారి మీద గానీ బావి మీద కాదు కదా! నా తెలివికి నేనే మురిసిపోయి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక రైతు దగ్గరికి వెళ్ళాను. ఆయన మిరపతోటలో పెద్ద దిగుడుబావి ఉంది. "ఓస్, ఇంతేనా మిలిటరీ గారూ? మీరు దూకండి, ఈత అదే వస్తుంది" అని ఆయనే ఎండిన సొరకాయ బుర్ర తెచ్చి నా నడుముకు కట్టాడు. నాలుగు రోజులు ఆ బుర్రతో నీళ్ళన్నీ చిలికాను. ఐదోరోజు బుర్ర విప్పేసి దూకాను. కాళ్ళూ చేతులూ టపటపా కొట్టి ఎలాగో ఈ మెట్టు నుంచి ఆ మెట్టుకు చేరాను. ఇంకేం, వచ్చేసిందనుకున్నాను.

అంత తెలివైనవాణ్ణి ఒక్క సంగతి మర్చిపోయాను. అది మిరపకాయల కోత కాలం. అమ్మ కూలీ బృందం రోజుకో తోటకు తిరుగుతుంది. ఆ రోజు వంతు ఈ తోటది.

నేను బావి నడుమ గిలగిల్లాడుతుండగా పైనుంచి గొంతు వినబడింది. "కాళ్ళు గట్ల కొడ్తరారా ఎవడన్న? కుక్క ఈత!"

తలెత్తి చూస్తే గట్టు మీద అమ్మ. తలకు గుడ్డ, నడుముకు కాయల ఒడి. వెనక పదిమంది ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకుని నవ్వుతున్నారు. భయంతో గుటకెడు నీళ్ళు మింగి మునిగాను.

"మెడ మీదికి పెట్టకు, నీళ్ళ మీద పండుకో! నడుం ఇరిగినోడి లెక్క గదేందిరా!" అని మళ్ళీ అరిచింది.

మెట్టు పట్టుకుని బయటపడి దగ్గుతూ కూర్చున్నాను. తిట్టినందుకు కాదు, ఆమె చెప్పింది నిజమని నా ఒంటికి తెలిసిపోయినందుకు బిత్తరపోయాను. నీళ్ళ గురించి అమ్మకు అంత ఎలా తెలుసు? నేను పుట్టిన తర్వాత ఆమె చీర కుచ్చెళ్ళు తడిసేంత లోతుకు దిగగా కూడా ఎవరూ చూడలేదు. అమ్మ కాయలు కోయడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో నేనే మొదలుపెట్టాను. "అమ్మా, నేను గోదాట్లకు దిగలే. బావిల..."

"నోరు ముయ్. ఒట్టుకు సందులు ఎతుకుతవా?" అంది. పొయ్యి మీద కూర కలిపింది. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పింది. "మీ మామకు ఈత నేర్పింది నేనే. మా అయ్య పడవ మీదుంటే ఆణ్ణి సంకనేసుకుని నేనే దించేదాన్ని. దుంకుడు నేర్పిన, ఎదురీదుడు నేర్పిన. సుడిల పడితే ఏం చెయ్యాల్నో చెప్పలే. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దామనుకున్న. గింతల నాకు పెండ్లైంది, ఇటొచ్చిన. ఈతకు మించిన లోతు లేదని ఆడు మురిసేటోడు. ఉంటదిరా లోతు, ఎందుకుండదు?"

పదహారేళ్ళుగా నేను ఆ ఒట్టును అమ్మ మూర్ఖత్వమని తిట్టుకున్నాను. ఆ రాత్రి అన్నం కలుపుకుంటుంటే సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. దాన్ని దాచుకోవడానికి కూరలో ఉప్పు ఎక్కువైందని విసుక్కున్నాను. "ఎక్కువైతే నీళ్ళు తాగు. బావిల మస్తు తాగినవు గద" అంది అమ్మ.

తెల్లవారుతుండగా నన్ను లేపింది. "లే. నిలవ నీళ్ళల్ల నేర్సుకున్నోడు పారే నీళ్ళల్ల సస్తడు. నువ్వు ఎట్లాగూ ఆపితే ఆగేటోడివి గాదు. ఈత రాకుండ పోయి సచ్చేకంటే నేర్సుకునే పో" అంది.

ఒడ్డుకు వెళ్ళాం. మాఘమాసపు గోదావరి సన్నగా, ఇసుక తిన్నెల మధ్య మడుగులు కట్టి పారుతోంది. అమ్మ నా కుడిచేతిని మళ్ళీ నెత్తి మీద పెట్టుకుంది. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని లోపల ప్రార్థన చేసింది. తర్వాత నా చేతిని తీసి, గుప్పెట్లో పట్టేంత నున్నటి నల్లరాయి ఒకటి ఏరి నా చేతిలో పెట్టి, ఆ చేతిని గట్టు మీదికి నడిపించింది. రాయిని అక్కడ పెట్టించింది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టినం. మనిషి తల మీద లేదిప్పుడు. పని గెల్సుకుని రా, నీ చేతితోనే దాన్ని గోదాట్ల పారెయ్యి. అప్పటిదాంక గది గాడ్నే ఉంటది." చిన్నపిల్లలు ఆటల్లో చేసే పని అది. మా అమ్మ నలభై ఐదేళ్ళ వయసులో అంత గంభీరంగా చేస్తుంటే నవ్వు రాలేదు.

తర్వాత చీర గోచీ పోసి కట్టి నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళు, నడుము, భుజాలు. ఒక్క చప్పుడు లేకుండా ముందుకు సాగిపోయింది. అంత అందంగా ఈదే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు, తర్వాత మిలిటరీ కొలనుల్లోనూ చూడలేదు. మడుగు అవతల తేలి వెనక్కి చూసి, "ఏందిరా గుడ్లప్పగించి చూస్తున్నవ్, జల్దీ రా!" అని కేకేసింది.

సెలవు మిగిలిన రోజులన్నీ పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం ఇసుక సంచి. ఈత త్వరగానే వచ్చింది. రానిదల్లా ఓర్పు. ప్రవాహం తిరిగే ఒక మలుపు దగ్గరికి తీసుకువెళ్ళి అమ్మ నన్ను అందులోకి తోసేది. నాకు నీళ్ళ మీద కోపం వచ్చేది. పళ్ళు బిగించి కొట్టేవాణ్ణి, అలసిపోయేవాణ్ణి, అమ్మ జుట్టు పట్టి లాగేది. "ఎవలితోని కొట్లాడుతున్నవురా? నువ్వు మొగోడివని గోదారికి తెల్వదు. గుంజితే పో. ఊపిరి పట్టి కిందికి పో. అడుగు దొరుకుతది. దొరికినంక తన్ను" అనేది. ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. కావాలని మునగడం నా లాంటివాడికి ఎంత కష్టమో చెప్పలేను. ఏడో రోజునో ఎనిమిదో రోజునో మొదటిసారి చేతులు వదిలేసి మునిగాను. పాదాలకు ఇసుక తగిలింది. తన్నాను. సుడికి ఇవతల, వెలుతురులో తేలాను. అమ్మ రెండు చేతులతో నీళ్ళు నా మొహాన కొట్టి చిన్నపిల్లలా నవ్వింది.

ఎంపిక గురించి ఎక్కువ చెప్పను. ఇసుక సంచి దండగ కాలేదు. నెల తిరిగేసరికి మాలో సగం మంది వెళ్ళిపోయారు, నేను ఉన్నాను. నీళ్ళ రోజు రానే వచ్చింది. చేతులు వెనక్కి విరిచి కట్టారు, కాళ్ళు దగ్గరికి చేర్చి కట్టారు, లోతు కొలనులోకి తోశారు. శిక్షణ ఇచ్చే ఉస్తాద్ ఈల వేసేదాకా బతికి ఉండాలి, అదే పరీక్ష. నా ముందు దూకినవాళ్ళు మంచి ఈతగాళ్ళు. వాళ్ళు తాళ్ళతో పెనుగులాడి, అరిచి, నీళ్ళు తాగారు. ఇద్దరిని బయటికి లాగారు.

నేనూ మొదట పెనుగులాడాను. పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? ముక్కులోకి నీళ్ళు పోయాయి, గుండె అదిరింది, తాడు తెంపేస్తానన్నంత కోపం వచ్చింది. ఎవలితోని కొట్లాడుతున్నవురా అని అమ్మ అడిగినట్టే అనిపించింది. ఆగిపోయాను. మునిగాను. కొలను అడుగు పాదాలకు తగిలింది. తన్నాను. పైకొచ్చి ఒక ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగాను. ఆ తర్వాత అది పరీక్షలా లేదు, పొద్దుటి మడుగులా ఉంది. ఈల వినబడినా ఇంకోసారి మునిగి వచ్చాను, పొగరు కొద్దీ.

"ఎక్కడ నేర్చావు?" అని ఉస్తాద్ హిందీలో అడిగాడు.

"గోదావరిలో, ఉస్తాద్. మా అమ్మ నేర్పింది."

ఆయన నా మొహం చూసి, "అయితే ఆవిడను పంపాల్సింది" అన్నాడు.

టోపీతో నేను ఇంటికి వచ్చేసరికి వానలు వెళ్ళిపోయి కార్తీకం వచ్చింది. వాకిట్లో అమ్మ మిరప నారుకు నీళ్ళు పోస్తోంది. టోపీ చూడలేదు, ఛాతీ మీద గుర్తు చూడలేదు. చెంబు కింద పెట్టి, "అడుగు దొరికిందా?" అని అడిగింది.

"అవ్, దొరికింది" అన్నాను.

తల ఊపి లోపలికి వెళ్ళి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చేయి పెట్టి ఆ నల్లరాయిని తీసింది. గట్టు మీద ఉండాల్సింది ఇంట్లో ఎందుకుందని అడిగితే మా నాన్న అందుకున్నాడు. "శ్రావణంల గోదారి పొంగుతుంటే అందరు మంచాలు, బియ్యం సర్దుకుంటున్నరు. మీయమ్మ రాయి కోసం గట్టు కాడికి ఉరికింది. పిచ్చి ముండ, కొట్కపోతవే అంటే వింటదా?"

"గోదారికి ఊకెనే ఇస్తనా?" అంది అమ్మ. "నా కొడుకు రావద్దా?"

ముగ్గురం ఒడ్డుకు వెళ్ళాం. టోపీ తీసి నాన్న చేతికిచ్చి, చెయ్యి బాగా వెనక్కి లాగి, ఉన్న బలమంతా పెట్టి ఆ రాయిని విసిరాను. నడిమి పాయ దాకా వెళ్ళి పడింది. గర్వంగా అమ్మ వైపు తిరిగాను. ఆమె కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రాయి పడిన చోటునే చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. పదహారేళ్ళలో మామ మాట ఆమె నోట నవ్వుతూ రావడం నేను వినడం అదే మొదటిసారి.

"మీ మామయితే ఇంకా దూరం ఇసిరేటోడు" అంది.