మేడమ్ రాసింది ఎట్ల కొట్టేస్తం?

రిటైరై తార్నాకలో ఇంట్లో కూచున్నాక నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది ఏమిటో చెబితే నవ్వుతారు. క్లాసురూమూ కాదు, బ్లాక్‌బోర్డూ కాదు. మా డిపార్ట్‌మెంట్‌లో కిటికీ పక్కనున్న ఒక ముసలి కంప్యూటరు. దాని ముందు కూచుంటే లోపల ఫ్యాను రొద, బయట క్యాంపస్ చెట్ల మీంచి నెమళ్ల అరుపులు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నేను, సర్వీసు చివరి ఏడాదిలో ఆ కంప్యూటరు ముందు మళ్లీ ఓనమాలు దిద్దాను.

దిద్దించినవాడు ఒకప్పుడు నా దగ్గరే చదువుకుని, తర్వాత మా డిపార్ట్‌మెంట్‌లోనే లెక్చరర్‌గా చేరినవాడు. పాఠాలు ఇకమీదట ఫోన్లలోనూ ఇంటర్నెట్లోనూ కూడా నడపాలని పైనుంచి కాగితం వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. “నన్ను ఇడిచిపెట్టు నాయనా, నాకు చాక్‌పీసు చాలు” అన్నాను.

“మీరు మమ్మల్ని ఎంత తిట్టి నేర్పిండ్రు మేడమ్! ఇప్పుడు నా వంతు వచ్చింది, ఎట్ల ఇడుస్త?” అన్నాడు. వాడి సంబరం చూస్తే కాదనబుద్ధి కాలేదు.

ముందు క్లాసుకొక ఫోన్ గ్రూపు పెట్టించాడు. నేను రోజూ ఒక ప్రశ్న పెట్టాలి, పిల్లలు జవాబులు రాయాలి, వాదించుకోవాలి. వాదనా, పాడా! నేను ఏం పెట్టినా వరసగా దండాల బొమ్మలు వచ్చేవి. ఒకరోజు మావారికి పంపాల్సిన మెసేజ్ పొరపాటున ఆ గ్రూపులో పెట్టేశాను. “వచ్చేటప్పుడు చింతపండు తీసుకురా, పాతది తీసుకురా” అని. క్లాసంతా “ఓకే మేడమ్” అన్నారు. ఒకడైతే “ఎంత తేవాలె మేడమ్?” అని అడిగాడు.

స్టాఫ్‌రూమ్‌లో ఆ సంగతి చెప్పుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్లలు నేను ఏం చెప్పినా సరేనంటారన్నమాట.

తర్వాత వికీ. అంటే క్లాసంతా కలిసి రాసే పేజీ. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దొచ్చు, కొట్టేయొచ్చు. ఎవరు ఏం మార్చారో పేరుతో సహా కనిపిస్తుంది. ఆ ఏడు మా పేపరు స్థానిక చరిత్ర కాబట్టి యూనివర్సిటీ, తార్నాక, చుట్టుపక్కల బస్తీల గురించి పేజీ మొదలుపెట్టాం. “ఖరాబైతదని భయపడకుండ్రి మేడమ్, కొట్టేసిందంతా ఒక్క నొక్కుతోటి వాపస్ వస్తది” అని మా లెక్చరరు ధైర్యం చెప్పాడు. మొదటి రెండు పేజీలు నేనే రాశాను. తప్పులుంటే దిద్దండి, మీకు తెలిసింది కలపండి అని క్లాసులో గొంతు చించుకున్నాను.

నెల గడిచినా ఒక్కరూ ముట్టలేదు. నేను రాసినదాని కింద మాత్రం “చాలా బాగుంది మేడమ్” అని ఒకరి తర్వాత ఒకరు రాసిపెట్టారు.

నాకు తిక్క రేగింది. కావాలనే ఒక పచ్చి అబద్ధం రాశాను. తార్నాక నుంచి సికింద్రాబాద్ పోవాలంటే అంబర్‌పేట్ మీదుగా తప్ప వేరే దారి లేదని! సికింద్రాబాద్ ఒక దిక్కు, అంబర్‌పేట్ ఇంకో దిక్కు. మా పిల్లల్లో సగం మంది క్యాంపస్ పక్కన అడిక్‌మెట్‌లో అద్దె గదుల్లో ఉండేవాళ్లు. రోజూ ఆ బస్సులూ రైళ్లూ ఎక్కి దిగేవాళ్లు. చూద్దాం, ఎలా ఊరుకుంటారో అనుకున్నాను. ఊరుకున్నారు. అంతటితో అయిందా? ఇంటర్నల్ పరీక్షలో తార్నాక గురించి ప్రశ్న ఇస్తే, వచ్చిన పేపర్లన్నిటిలో అంబర్‌పేట్ దారే!

పేపర్లు బల్ల మీద పడేసి అరిచాను. “మీకు దారి తెల్వదా?”

“తెల్సు మేడమ్.”

“మరెందుకు రాసిండ్రు?”

ముందు బెంచీలోని పిల్లవాడు లేచి, “మీరు రాసిండ్రు గద మేడమ్. మేడమ్ రాసింది ఎట్ల కొట్టేస్తం?” అన్నాడు. వాడి మొహంలో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

ఆ సాయంత్రం క్యాంపస్ లోపలి దారిన నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. మేము ఇక్కడే చదువుకున్న రోజుల్లో మా సార్లు కామాలూ ఫుల్‌స్టాప్‌లూ కూడా చెప్పి రాయించేవారు. సారు దగ్గితే పెన్నులన్నీ ఆగేవి. క్లాసయ్యాక అందరం ఆ చెట్ల కింద కూచుని, తప్పిపోయిన వాక్యాలు ఒకరి నోట్సులోంచి ఒకరం ఎక్కించుకునేవాళ్లం. ఎంత బాగుండేవి ఆ సాయంత్రాలు! కానీ ఆ నోట్సులో మా మాట అంటూ ఒక్కటీ ఉండేది కాదు. నేను అలాంటి టీచర్ని కాకూడదనే ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ముప్పై ఏళ్లు చెప్పింది పాఠమా, డిక్టేషనా? రిటైరవడానికి ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. ఈలోపు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, తమంతట తాము నా వాక్యం ఒకటి కొట్టేస్తే చాలు అనుకున్నాను. అంతకంటే ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

మర్నాటికి అంబర్‌పేట్ దారి పేజీలో లేదు. నేను తిట్టాను కాబట్టి కొట్టేశారు. అదీ డిక్టేషనే.

ఆ పేజీలో నాకు ప్రాణమైన వాక్యాలు రెండుండేవి. “మా రోజుల్లో క్యాంపస్ గేట్లు అందరికీ బార్లా తెరిచి ఉండేవి. చుట్టుపక్కల బస్తీల వాళ్లు తమ వాకిట్లో తిరిగినంత చనువుగా వచ్చి పోయేవారు.” రాసిన రోజు మావారికి చదివి వినిపించి మరీ మురిసిపోయాను. ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు ఆ గేట్లే కళ్లముందుకొస్తాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఫోనులో పేజీ తెరిస్తే ఆ రెండు వాక్యాలూ లేవు. వాటి చోట ఇలా ఉంది. “గేటు కొందరికి తెరిచి ఉండేది. మా అమ్మ వాళ్లు కట్టెల కోసం గోడ సందులో నుంచి వచ్చేవాళ్లు.” పక్కన మార్చినవారి పేరు. మాణికేశ్వర్ నగర్ అమ్మాయి. క్యాంపస్ గోడకు అవతలే ఇల్లు. చివరి బెంచీలో కూచునేది. రెండేళ్లలో హాజరు పలకడానికి తప్ప నోరు తెరిచి ఎరగదు.

నేను ఎగిరి గంతేశానా? లేదు. కోపం వచ్చింది. అంబర్‌పేట్ దారి లాంటి చెత్త ఎంత కావాలంటే అంత కొట్టేయమను, ఇది నా జ్ఞాపకం, ఇది నిజం!

“ఏమైంది, మొహం గట్ల పెట్టినవ్?” అన్నారు మావారు.

“నేను రాసింది కొట్టేసింది ఒక పిల్ల.”

“నెలల నుంచి నువ్వు మొత్తుకునేది గదే గద!”

“అయితే మాత్రం? గివేనా కొట్టేసేది?” అన్నాను. ఆయన నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. నేను మళ్లీ పేజీ తెరిచాను. ఇంతలో నా వాక్యాలు రెండూ ఎక్కడివక్కడికి తిరిగొచ్చేశాయి. ఆ పిల్లే వాపస్ పెట్టేసింది. గ్రూపులో, “సారీ మేడమ్, తప్పయింది” అని ఒక మెసేజ్. దాని కింద దండాలు.

కోపమంతా దిగిపోయింది. సర్వీసంతా ఎదురుచూసిన ఒక్క మాటా ఇలా వచ్చి అలా పోయింది.

సోమవారం క్లాసులో పుస్తకం తెరవకుండా నేరుగా ఆమెను లేపాను. పిల్ల చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“రాసింది ఎందుకు తీసేసినవ్ బిడ్డా?”

“మా క్లాసోళ్లు ఫోన్ చేసి భయపెట్టిండ్రు మేడమ్. ఇంటర్నల్ మార్కులు పోతయ్ అన్నరు.”

“మార్కుల సంగతి ఇడిచిపెట్టు. నేను రాసింది తప్పా?”

తల ఎత్తకుండానే మెల్లగా అంది. “తప్పు కాదు మేడమ్. మీకు తెరిచే ఉండె.”

బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. నేను అడగకుండానే ఆమె చెప్పుకుపోయింది. రెండేళ్లుగా దాచుకున్న గొంతు అంత స్పష్టంగా ఉంటుందని నేననుకోలేదు.

“అడ్మిషన్ దొరికిన రోజు అమ్మను తోలుకొచ్చిన మేడమ్. కాలేజీ చూపిద్దామని. గేటు కాడికి రాంగనే ఆగింది. ‘నువ్వు గిట్ల పో బిడ్డా, నేను గట్లకెల్లి వస్తా’ అని గోడ దిక్కు మళ్లింది. నేనే చేయి పట్టుకొని ఆపిన. ఇప్పుడు ఎవ్వరు ఏమనరే, నా దగ్గర ఫీజు రసీదు ఉన్నది అన్న. ఇనలే. ఆ సందు ఎప్పుడో మూసేసిండ్రంట. గోడ పొంటి మొత్తం తిరిగొచ్చి, మళ్ల గేటు కాడనే నిలబడ్డది. లోపలికి మాత్రం రాలే.”

ముందు బెంచీ పిల్లవాడు తల దించుకున్నాడు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, చెప్పొద్దూ, సంతోషం కూడా వేసింది. ఆ మూడూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టాలో తెలియక కుర్చీలో కూలబడ్డాను.

“ఇది రాయి బిడ్డా. ఇప్పుడే రాయి” అన్నాను.

ఆ పిల్ల గబగబా ఫోను తీసి, పేజీ తెరిచి, వేళ్లు సిద్ధంగా పెట్టుకుని నా వైపు చూసింది. “చెప్పుండ్రి మేడమ్. ఏం రాయాలె?”

ముప్పై ఏళ్ల అలవాటు. వాక్యం నా నాలుక చివరిదాకా వచ్చింది. మంచి వాక్యమే.

“నేను చెప్ప” అన్నాను. “నాకు తెల్వదు.”

ఆమె తల వంచి రాయడం మొదలుపెట్టింది. ఒక మాట రాసింది, తుడిచింది, మళ్లీ రాసింది. ఏం రాస్తుందో నాకు తెలియదు. నేనూ క్లాసులో కూచున్న పిల్లలాగా ఆమె రాయడం అయ్యేదాకా ఎదురుచూశాను.