మా దబ్బనాల వంతు

గోడౌనులోకి కుట్టు మిషన్లు దిగాయన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వీధిలో చేపలమ్మే ఆవిడ. ఆ రోజు శనివారం. శనివారం మా ఇంట్లో నీసు వండమని ఆవిడకు తెలుసు. అయినా తట్ట మా అరుగు మీద దింపి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఈయాల సేపలమ్మడానికి రాలేదులేమ్మా, కబురు సెప్పడానికొచ్చినాను. ఏటి, ఇంకా పూజ సేత్తన్నావా? మీ గోడౌను కాడ లారీలోంచి మిసన్లు దించుతన్నారు. బస్తాలు కుట్టీ మిసన్లంట. మా ఆయన సూసొచ్చినాడు.”

“ఎన్ని దించారు?” అన్నాను.

“నానేటి లెక్కెట్టినానా? కబురు ఊరికే ఇచ్చినాను, సోమవారం మాత్రం సేపలు కొనాల.”

ఆ రోజు నా వంతు కాదు. అయినా ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. దీపంలో ఇంకాస్త నూనె పోసి, చీర మార్చుకుని బయల్దేరాను.

వంతు అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఓడరేవుకు పోయే రోడ్డులో ఉన్న ఆ గోడౌనులో బియ్యం బస్తాలకు మూతులు కుట్టే ఆడవాళ్లం మేము. చేతిలో దబ్బనం, ఒడిలో పురికొస ఉండ. గోనె మూతిని మడిచి, ఆ పొడుగాటి సూదితో ఏటవాలుగా కుట్లు వేసుకుంటూ పోవాలి. లారీలు ఎక్కువ వచ్చిన రోజున అందరికీ పని ఉండేది, తగ్గిన రోజున సగం మందికే. అప్పుడు ఎవరు రావాలి, ఎవరు ఆగాలి అన్నది మా పెద్దమ్మ చెప్పేది. ఇవాళ కుట్టినవాళ్లు రేపు ఇంటి దగ్గర, ఇవాళ ఆగినవాళ్లు రేపు గోడౌనులో. చంటిపిల్ల తల్లికైనా మేస్త్రీ చుట్టానికైనా అదే వరస. ఎవరి పొయ్యీ పూర్తిగా ఆరిపోకూడదని ఆవిడ పెట్టిన పద్ధతి అది. బయట నుంచి చూసినవాళ్లకు మా అందరికీ పని ఉన్నట్టే కనిపించేది. నిజానికి ఒక్కొక్కరికి ఉన్నది సగం పని.

పెద్దమ్మ మాలో ఎవరికీ రక్తసంబంధం కాదు, అందరం అలా పిలిచేవాళ్లం. విజయనగరం అవతలి పల్లె ఆవిడది. చేను అన్నదమ్ములు పంచుకోగా పంచుకోగా తమ వాటాకి గట్టు ఒక్కటే మిగిలిందని నవ్వుతూ చెప్పేది. గట్టు మీద వరి పండదు కనుక భర్తతో కలిసి విశాఖ బస్సెక్కింది. ఆయన పోయి చాలా కాలమైంది. ఆవిడకు దబ్బనమే ఆధారం.

మాది గోదావరి జిల్లా. నాన్న ఓడరేవు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అమ్మ మంచాన పడడంతో నేను బడికి వెళ్లలేదు. నాన్నే డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, నన్ను దేవుడి గూటి ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే. ఆయన్ని తలుచుకోకుండా నేను కలం పట్టను.

నా భర్త వెల్డరు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని ఆగిపోయాక, పొద్దున్నే గోపాలపట్నం జంక్షనులో పని కోసం నిలబడేవాడు. ఆయనతో పాటు నిలబడేవాళ్లలో సగం మంది మా వీధివాళ్లే. మా వీధిలో ఇంటికొక వెల్డరో ఫిట్టరో ఉన్నాడు. ఒకప్పుడు ఆ పని నేర్చినవాళ్లకు పర్మినెంటు ఉద్యోగాలు దొరికాయి. అది చూసి తల్లిదండ్రులందరూ పిల్లల్ని ఆ చదువులోనే చేర్పించారు. వాళ్లను తప్పు పట్టలేం, కళ్ల ముందు కనబడిన దారి అదొక్కటే. తీరా పిల్లలు చదువు ముగించి వచ్చేసరికి గేటు అదే, దాని ముందు జనం మాత్రం పదింతలు. అందుకే నేను దబ్బనం పట్టాను.

నేను వెళ్లేసరికి గోడౌను పైకప్పు దూలాల నుంచి మిషన్లు వేలాడదీస్తున్నారు. బస్తాను బల్ల మీద నడిపిస్తే చాలు, బర్రుమంటూ మూతి కుట్టేస్తోంది. సూపర్‌వైజరు కుర్రవాడు మర్యాదస్థుడు. మా మొహాలు చూడలేక నేల చూపులు చూస్తూ చెప్పాడు.

“ఇక నలుగురు చాలట అమ్మా. నేనేం చెయ్యను? జనం ఎక్కువైపోయారు, ఎక్కడ చూసినా ఇదే గొడవ.”

పెద్దమ్మ బస్తా మీద కూర్చునే అడిగింది. “జనం ఎక్కువైపోతే బియ్యం తినీవోలూ ఎక్కువే కదేటి బాబూ. బస్తాలు తగ్గినాయేటి?”

“లేదమ్మా, పెరిగాయి.”

“మరి?”

ఆ అబ్బాయి మిషన్ల వైపు వెళ్లిపోయాడు. పాపం, అతనిదీ కాంట్రాక్టు ఉద్యోగమే. కానీ ఆ ‘మరి’ నన్ను ఇప్పటికీ వదల్లేదు. జనం పెరిగారు, బస్తాలు పెరిగాయి, కుట్టే చేతులు తగ్గాయి. అలాంటప్పుడు లోపం మనుషులు పుట్టడంలో ఉందంటే నేను ఒప్పుకోను. చేను చిన్నదైతే పల్లె నుంచి పంపేశాం. ఒకే గేటు చూపించి ఊరందరికీ ఒకే పని నేర్పాం. మిషను తెచ్చినవాళ్లు, అది ఖాళీ చేసిన చేతులకు ఇంకో పని చూపించాలని అనుకోలేదు. దేవుడు నోటితో పాటు రెండు చేతులూ ఇచ్చే పంపుతాడు. ఆ చేతుల్ని తలుచుకోవలసినవాళ్లం మనం.

సోమవారం మమ్మల్ని వరసగా నిలబెట్టి వేలిముద్రలు తీసుకున్నారు. ముద్ర సరిగ్గా పడినవాళ్లలోంచే నలుగుర్ని ఎంచుతారట. ఏళ్ల తరబడి పురికొస లాగిన వేళ్లు మావి. చాలామందికి బొటనవేలి గీతలు అరిగి నున్నబడ్డాయి. ముద్రలు తీసే మిషను ఎర్రదీపం వెలిగించి కీచుమనేది. పెద్దమ్మ వేలు కడిగింది, కొంగుకు తుడిచింది, తలనూనె అంటుతుందని జుట్టుకు రుద్దింది. పడలేదు.

“నా ఏలు నన్నే మరిసిపోనాదే,” అంది. “ముద్రెయ్యమంటే ఎయ్యదు, దబ్బనం గుచ్చితే మాత్రం నెత్తురొత్తాది.”

అందరం నవ్వాం. నా వంతు వచ్చేసరికి పచ్చదీపం వెలిగింది. పనిలో చేరిన రోజు నుంచి నేను బొటనవేలికి పాతచీర పీలిక చుట్టుకునేదాన్ని. “పెళ్లికూతురి ఏలు” అని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆ పీలిక చింపి మొదటిసారి చుట్టింది పెద్దమ్మే. చెయ్యి జోరు తగ్గిపోతుందని తను మాత్రం ఏనాడూ చుట్టుకోలేదు.

అలా నాకు చోటు దొరికింది, ఆవిడకు దొరకలేదు. అయినా ఆ సాయంత్రం మేమెవరం దిగులు పడలేదు. వంతులున్నాయి కదా! నాలుగు చోట్లూ అందరం పంచుకుంటాం అనుకున్నాం. రేషన్ డిపోలో ఇంట్లో ఒకరి వేలు పడితే ఇంటిల్లిపాదికీ బియ్యం కొలిచి ఇస్తారు. మేమంతా ఒక ఇల్లే కనుక ఒకరి వేలు అందరికీ చెల్లుతుందనుకున్నాం. మంగళవారం నేను వెళ్లాను, బుధవారం నా చోట్లో పెద్దమ్మ వెళ్లింది.

కాసేపటికి తిరిగొచ్చి మా గుమ్మంలో నిలబడింది.

“పరిగెత్తే. గేటు కాడ రోజూ ఏలెట్టాలంట. నీ ఏలే కావాలంట, నాను పనికిరానంట. ఇంకోపాలి నువ్వు రాకపోతే నీ సోట్లో ఇంకోలిని ఎట్టీసుకుంటారంట.”

“నువ్వు లేని చోటికి నేను వెళ్లను పెద్దమ్మా,” అన్నాను.

“తిక్కమాటలాడకు. నీ మొగుడు జంక్షన్ల నిలబడి నిలబడి కరెంటు స్తంబమైపోనాడు. నువ్వు సోటు వొదిలీస్తే నాకొత్తాదేటి? ఎవులికీ రాదు. ఎల్లు!”

వెళ్లాను. మిషను ముందు నిలబడి బస్తాలు నడిపిస్తున్నంతసేపూ ఒకటే మాట దేవుడికి చెప్పుకున్నాను: ఆవిడ వంతు నా దగ్గర ఉండిపోయింది, తిరిగి ఇచ్చే దారి చూపించు స్వామీ.

దారి గోడౌను వెనకే ఉంది. మూతి చిరిగిన గోతాన్ని ఆ మిషను పట్టుకోలేదు, దారం తెగి ఆగిపోతుంది. అలాంటివన్నీ వెనక గుట్టగా పారేస్తున్నారు. సూపర్‌వైజరును అడిగితే, చెత్తలోకి పోయేవే కదా, తీసుకెళ్లమ్మా అన్నాడు. ఆ మాట చెబుదామని నాలుగు గోతాలు చంకన పెట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళితే, ఆవిడ అప్పుడే పూర్ణా మార్కెట్ నుంచి తిరిగొస్తోంది. పాత గోతాలమ్మే కొట్లన్నీ తిరిగి, మాసికలేసి ఇస్తే తీసుకుంటానన్న ఒక షావుకారును పట్టుకుంది.

“ఏటే, గోతాలెక్కడ దొరుకుతాయా అని నాను సూత్తంటే, నువ్వు గోతాలట్టుకొచ్చినావు,” అంటూ మెట్ల మీదే కూలబడి నవ్వింది.

ఇప్పుడు మా అరుగు మీద దబ్బనాలు ఆడుతున్నాయి. మళ్లీ వంతులు వచ్చాయి. అందరికీ చాలేంత పని ఉందని చెప్పను. ఇద్దరు రొయ్యల కంపెనీకి వెళ్లిపోయారు, ఒకామె పల్లెకు తిరిగి వెళ్లింది. నా భర్తకు అచ్యుతాపురంలో వెల్డింగు దొరికింది, అదీ కాంట్రాక్టే. కానీ అరుగు మీద కూర్చున్న ఏ చేతినీ పనికిరాదని ఎవరూ తిప్పి పంపడం లేదు. ఈ మధ్య పక్కవీధి ఆడపిల్లలు కూడా వచ్చి నేర్చుకుంటున్నారు. పెద్దమ్మ ముందు వాళ్ల వేళ్లకు పీలిక చుట్టి, ఆ తరవాతే దబ్బనం ఇస్తుంది. చుట్టుకోకపోతే వేలి మీద ఒక్కటి వేస్తుంది.

మీ ఇంట్లో ఉల్లిపాయలో చింతపండో వచ్చిన గోతానికి ఎక్కడైనా ఏటవాలు కుట్లతో లావుపాటి మాసిక కనిపిస్తే, ఒక్క క్షణం దాని మీద చెయ్యి పెట్టండి. మీరు మొక్కే దేవుడు ఎవరైనా సరే, వేలిముద్ర పడని మా పెద్దమ్మను ఆయన దగ్గర ఒకసారి తలుచుకోండి.