ఎర్రగుంట్ల గొడుగోడికి నాలుగే ఊళ్ళు

ఎర్రగుంట్ల చరిత్రను ఎవరైనా పద్ధతిగా రాయదలిస్తే దాన్ని మూడు యుగాలుగా విడదీయక తప్పదు. రైలు రావడం మొదటిది. సిమెంటు రావడం రెండోది. ముబీన్ మోచేతులు లేపడం మూడోది. మొదటి రెండింటినీ సర్కారువారు ఏదో ఒక గెజిటులో ఎక్కించే ఉంటారు. మూడోదాన్ని మాత్రం ఇంతవరకు ఒక్క నాపరాయి మీదనైనా చెక్కించిన పాపాన ఎవరూ పోలేదు. నాపరాళ్ళకు కరువులేని ఊళ్ళో ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

సంగతి ఏమంటే, కళ్ళ ముందు ఏది గెంతినా దానికి సాయంగా ముబీన్ రెండు మోచేతులూ పైకి లేస్తాయి. టీవీలో క్రికెట్ ఆటగాడు బంతికోసం ఎగిరితే లేస్తాయి. వీధికుక్క కాలువ దాటితే లేస్తాయి. ఆయన నిఖా రోజున మేకపిల్ల ఒకటి పెద్దల నడుమ చాప దాటబోతే లేచాయనీ, ఆ ఊపుకు చేతిలోని షర్బతంతా ఖాజీగారి ఒళ్ళో పడిందనీ చెప్పడానికి ఇప్పటికీ సాక్షులున్నారు. మేకపిల్ల మాత్రం చాప దాటింది. తన సాయం లేకుంటే దాటేది కాదని ముబీన్ నమ్మకం.

ఈ అలవాటు పుట్టింది గాబ్రియేలు వీడియో గేమ్ షాపులో. తొంభైలు ముగిసే కాలం. రైల్వే గేటు పక్కన ఒక గది, గదిలో ఒక టీవీ, ఆడేందుకు రెండు రిమోట్లు, ఒకే ఒక్క క్యాసెట్టు. క్యాసెట్టు మీద ఏ దేశపు అక్షరాలో ఉండేవి, చదివినవాడు లేడు. ఆటలో మాత్రం ఎర్రకోటు వేసుకున్న పొట్టి మనిషి ఒకడు మూసిన గొడుగు పట్టుకుని ఇళ్ళ కప్పుల మీద పరుగెత్తేవాడు, బావులు దూకేవాడు, అడ్డొచ్చిన బాతులను గొడుగుతో బాదేవాడు. ఊరు వాడికి గొడుగోడని పేరు పెట్టింది. వాన ముఖం సరిగా చూడని ఊరు గొడుగు పట్టినవాణ్ణి తనవాడిగా చేసుకోవడంలో ఆశ ఎంత, వెటకారం ఎంత అన్నది పండితులు తేల్చాలి.

ఆటలో ఒక్కో అంచెను ఒక్కో ఊరనేవాళ్ళు. నాలుగో ఊరి చివర ఒక ఎత్తైన గోపురం. దాన్నెక్కి అవతలికి దూకితే తెర మొత్తం నల్లబడి, కాసేపటికి ఆట మళ్ళీ మొదటికి వచ్చేది. గొడుగోడు ఇల్లు చేరాడు, దీపం ఆర్పి పడుకున్నాడు అని ఊరు అర్థం చెప్పుకుంది. అంతకంటే మంచి ముగింపు ఎవరు మాత్రం రాయగలరు? ఆ చీకటిని మొట్టమొదట చూసినవాడు ముబీన్. అప్పటికింకా మీసం రాలేదు. గాబ్రియేలు గంట కొట్టి, గోలీసోడా ఇచ్చి, భుజాలమీద ఎక్కించుకుని గేటు దాకా ఊరేగించాడు. ఆనాటినుంచి ఆయన ఆఖరూరి ముబీన్. పెద్దయ్యాక లారీలకు కరెంటు పని నేర్చుకుని సొంత షాపు పెట్టుకున్నప్పుడు బోర్డు మీద 'లాస్ట్ స్టేజ్ ఆటో ఎలక్ట్రికల్స్' అని రాయించాడు. బ్యాటరీ కొన ఊపిరితో ఉన్నప్పుడే ఇక్కడికి తేవాలేమోనని కొత్త డ్రైవర్లు అనుమానిస్తారు. పాత డ్రైవర్లకు విషయం తెలుసు. హారన్లు, సెల్ఫ్ మోటార్లు బాగుచేసేవాళ్ళు ఎర్రగుంట్లలో ఇంకొందరు ఉన్నారు. ఆఖరూరు చూసినవాడు ఇతనొక్కడే.

ఇలా ఉండగా గొడుగోడు మళ్ళీ వచ్చాడు.

కడపలో డిగ్రీ చదువుతున్న కూతురు రుఖియా ఒక ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాపుతోనూ, దానికి తగిలించే రిమోటుతోనూ, హాస్టలు స్నేహితురాలు స్తుతితోనూ షాపు దగ్గర దిగింది. స్తుతిది రాజంపేట. పాత ఆటలను కంపెనీలు కొత్తగా చేసి వదిలినప్పుడు, వాటిమీద ఆడినవాళ్ళ అభిప్రాయాలు వీడియో తీసి జనానికి చూపించడం ఆ అమ్మాయి వ్యాపకం. గొడుగోడి ఆటను ఈమధ్యే కొత్తగా చేశారు. దాన్ని పాతకాలంలోనే గెలిచిన మనిషి తన తండ్రి అని రుఖియా హాస్టలంతా చెప్పుకుంది. ఎవరూ నమ్మకపోవడంతో సాక్ష్యం కోసం వచ్చారు. చర్చి విడిచి ఇంటికి పోతున్న గాబ్రియేలును కూడా పిలిచి షాపు ముందరి నాపరాతి బండమీద కూర్చోబెట్టారు. గేములషాపు ఎప్పుడో మూసేసినా, ఆ విషయంలో ఆయనే ఇప్పటికీ ఊరి పెద్ద.

స్తుతి ఫోనును స్టాండుకు బిగించింది. "అంకుల్, కొత్త గొడుగోని మీద శానామంది చెప్పినారు. ప్రొద్దుటూరాయన గొడుగు తెరుచుకునేది బాగుండాదన్నాడు. ఆత్మకూరాయన బొమ్మలు బాగుండాయి గానీ పాట చెడగొట్టినారన్నాడు. కర్నూలక్క ఒకామె పిల్లోల్లతో కూసోని ఆడుకోడానికి ఇదే మేలనింది. మీరేమంటారు?"

"వాళ్ళల్లో ఆఖరూరు చూసినోళ్ళు ఎవురు?"

"అది అడగలేదంకుల్."

"అడగాల మా. పెండ్లికి పోనోన్ని పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే ఏం జెప్తాడు?"

ముబీన్ చేతులు తుడుచుకుని ల్యాప్‌టాపు ముందు కూర్చున్నాడు. న్యాయమూర్తి పీఠమెక్కినట్టు ఉంది వాలకం. గొడుగోడు గెంతాడు, మోచేతులు లేచాయి, గొడుగు తెరుచుకుంది, వాడు గాలిలో తేలుతూ మెల్లగా అవతలి కప్పుమీద వాలాడు. ముబీన్ రిమోటు కింద పెట్టేశాడు.

"ఏందిది? గొడుగు తెరుస్తాండాడు!"

"మెల్లగా దిగడానికి నాయనా," అంది రుఖియా.

"గొడుగుండేది బాతుల్ని కొట్టడానికి. బాయిలో పడేటోడు పడాల. తేలతాంటే వాడు మనిషా, దూదిపింజా?"

"పడినా ఏం గాదులే. దీంట్లో ప్రాణాలు తరగవు."

"తరగని ప్రాణం ఎవురికిచ్చినా చెడిపోతాడు పాపా."

గాబ్రియేలు గొంతు సవరించుకున్నాడు. "ఆ మాట మా చర్చికాడ అనగాకప్పా. ఇప్పుడే నిత్యజీవం మీద వాక్యం విని వస్తాండా."

ముబీన్ ఆ అభ్యంతరాన్ని గౌరవంగా పక్కన పెట్టి అసలు నేరానికి వచ్చాడు. "అన్నా, నువ్వే చెప్పు. గొడుగోని ఆకాశం ఏం రంగు?"

"బూడిద రంగు. అడగాల్నా? మన సిమెంటు రంగే."

"ఆఁ! ఈళ్ళు నీలం పూసినారు. ఆ బూడిద చూసే గదా ఇది మనూరి ఆటనుకునింది!"

స్తుతికి ఉత్సాహం వచ్చింది. వీడియో రక్తి కడుతోంది. "అంకుల్, ఇంకోటుండాది. కొత్తదాంతోపాటు పాత ఆట గూడా ఇచ్చినారు. ఏమీ మార్చలేదంట, అప్పట్లో ఎట్లుండెనో అట్లనే."

"అట్ల చెప్పు మా! అది పెట్టు. ఈ అభిప్రాయాలు చెప్పేటోళ్ళందరికీ ఆకాశమంటే ఏందో చూపిస్తా."

పాత ఆట తెరుచుకుంది. అదే ఎర్రకోటు. అదే మూసిన గొడుగు. అవే బాతులు. వాటి వెనక ఆకాశం, వేసవిలో వాన వెలిసినప్పటిలా, నీలంగా ఉంది.

ముబీన్ మీట నొక్కాడు. గొడుగోడు గెంతి సరాసరి బావిలో పడ్డాడు. మళ్ళీ గెంతించాడు, మళ్ళీ పడ్డాడు. ఏదో తక్కువైంది. ఎర్రగుంట్ల గొడుగోడు గాలిలోకి లేచాక ఒక్క రెప్పపాటు ఆగేవాడు, ఇంటిదగ్గర ఏదో మరిచిపోయినట్టు. సరిగ్గా అప్పుడే మోచేతులు లేపితే ముందుకు పడేవాడు. ఈ గొడుగోడికి ఆ ఆలోచనే లేదు.

"ఇది పాతది గాదు," అన్నాడు ముబీన్.

"ఇదే నాయనా," అంటూ రుఖియా ఆటలోని పటం తెరిచింది. దారి వెంట ఊళ్ళు వరుసగా ఉన్నాయి. నాలుగో ఊళ్ళో గోపురం ఉంది. గోపురం అవతల దారి ఆగలేదు. వంకర తిరిగి, ఏరు దాటి, ఇంకో నాలుగు ఊళ్ళ మీదుగా పోయింది. చివరి ఊరి పక్కన ఒక చిన్న ఇల్లు, కిటికీలో దీపం.

స్తుతి మంచి పిల్ల. కానీ ఫోను నడుస్తున్నప్పుడు ఎంత మంచివాళ్ళకైనా నోరు ఆగదు. "అంటే... మీరు సగమే ఆడినారా అంకుల్?"

ముబీన్ గాబ్రియేలు వైపు తిరిగి, "అన్నా, ఆ క్యాసెట్టును నువ్వెట్ల చూసుకునేవానివి?" అని మెల్లగా అడిగాడు.

గాబ్రియేలు నిటారుగా కూర్చున్నాడు. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ శ్రద్ధ అదే. "బిడ్డ మాదిరి చూసుకునేవాన్ని! ఈ ఊళ్ళో దుమ్ము తెలుసు గదా. దినామూ షాపు తెరిస్తానే ఉప్పు కాగితం తీసుకోని, దాని రాగి పండ్లుండాయే, అవి తళతళ మెరిసేదాకా రుద్దేవాన్ని. మెకానిక్కు పనిచేసే మా తమ్ముడు లారీ హారను పాయింట్లు అట్లనే గదా రుద్దేది. ఒక్క దినం తప్పింది లేదు. యాల, ఏమైంది?"

ఎర్రగుంట్లలో అదొక సిద్ధాంతం. పనిచేయనిదాన్ని ఉప్పు కాగితంతో, అంటే గరుకు కాగితంతో, రుద్దాలి; రుద్దితే మెరుస్తుంది, మెరిస్తే పనిచేస్తుంది. లారీ పాయింట్ల విషయంలో ఇది ఇప్పటికీ వేదవాక్కే. కానీ క్యాసెట్టు పండ్లమీద, అంటే ఆటపెట్టెలో గుచ్చుకునే ఆ పట్టీలమీద, ఉండేది ఉల్లిపొరంత రాగి. ఇంతకాలం తీగల మధ్య బతికిన ముబీన్‌కు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రాగి కొంచెం అరిగేసరికి ఆకాశం రంగు పోయింది. ఇంకొంచెం అరిగేసరికి గొడుగోడికి గాలిలో తడబాటు వచ్చింది. మరికొంత అరిగేసరికి, ఎర్రగుంట్ల పిల్లలకు రావలసిన నాలుగు ఊళ్ళు, ఏరు, ఇల్లు, దీపం అన్నీ ఉప్పు కాగితానికి అంటుకుని, గాబ్రియేలు చేతి దులుపుడుకు రైల్వే గేటు దగ్గర నేల రాలిపోయాయి.

ఈ మాట పైకి అనవచ్చు. అంటే తన ఓటమి గాబ్రియేలు ఖాతాలోకి పోతుంది. ముబీన్ ఆ పెద్దాయన ముఖం చూశాడు. బోర్డు వైపు చూశాడు. లేచి నిలబడ్డాడు.

"రికార్డయితాండాదా మా?"

"అయితాండాది అంకుల్."

"అయితే విను. ఆ కంపెనీవోళ్ళకు గూడా వినిపించు. ఎర్రగుంట్ల గొడుగోనికి నాలుగే ఊళ్ళు. ఆకాశం బూడిద రంగు. వాడు గాల్లో ఒక తూరి ఆగి ఆలోచన చేస్తాడు, ఎందుకంటే మావాడు బుద్ధిమంతుడు. గోపురం దూకినాక ఇల్లు చేరి దీపమార్పి పండుకున్నాడు. పండుకున్నోన్ని లేపి ఇంగ నాలుగూళ్ళు తిప్పినారంటే ఆ పాపం వాళ్ళది. ఈ గాబ్రియేలన్న చూసుకున్నంత బాగా ఆ క్యాసెట్టును చేసినోడు గూడా చూసుకొనుండడు. మా ఆట సగం గాదు. వాళ్ళే సాగదీసినారు!"

"ఆమేన్," అన్నాడు గాబ్రియేలు, చర్చిలో కంటే గట్టిగా.

వీడియో ఊరిలో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. మరుసటి రోజు పొద్దున్నే ఒక లారీ డ్రైవరు షాపు ముందు బండి ఆపి తల బయటికి పెట్టాడు. "ఏం ముబీన్ భాయ్, హాఫ్ స్టేజ్ అని బోర్డు మారుస్తాండావంటనే?"

"మారుస్తాండా," అన్నాడు ముబీన్. ఆ రోజే పెయింటరు జయరాజ్‌ను పిలిపించి, అవే అక్షరాలను ఇంకా పెద్దవిగా, చుట్టూ ఎర్ర అంచుతో రాయించాడు. నిచ్చెన పట్టుకుని కింద తనే నిలబడ్డాడు. వచ్చేపోయేవాళ్ళు చదవడానికి ఇబ్బంది పడకూడదని ఎదురుగా ఆగివున్న లారీని కొంచెం ముందుకు తీయించాడు.

ఒక్క రుఖియా దగ్గర మాత్రం వాదన నిలవలేదు. "చూడకుండానే తిడితే ఎట్ల నాయనా? పెండ్లికి పోనోడు పప్పుకు పేరు పెట్టినట్ల గాదా?" అంది.

తన ఆయుధం తనకే తగిలిన యోధుడిలా ముబీన్ తల గోక్కున్నాడు. న్యాయంగానే ఉంది. ఆ నాలుగు ఊళ్ళూ దండగ అని చెప్పాలంటే వాటిలో కాలుపెట్టి రావాలి. అందుకని నీలం ఆకాశం కింద, గాలిలో ఆగని గొడుగోడితో, పాత ఆటను చివరి ఊరి దాకా ఆడి, ఆ ఇంటి ముందు నిలబడి, ఇది అనవసరమని కంపెనీ మొహంమీద చెప్పితీరుతానని అందరి ముందూ ప్రతిజ్ఞ చేశాడు. రుఖియా ల్యాప్‌టాపు షాపులోనే వదిలి కడపకు పోయింది. పొద్దు వాలి, మగ్రిబు నమాజు అయ్యాక షట్టరు సగం దించి ముబీన్ రిమోటు పట్టుకుంటాడు. గాబ్రియేలు పక్కన కూర్చుని బాతులు వచ్చే దిక్కు చెబుతుంటాడు. మొన్న బోర్డు చూసి వెక్కిరించిన డ్రైవర్లు ఇప్పుడు టీ తెప్పించుకుని వెనక నిలబడి, "ఇప్పుడు దూకప్పా, ఇప్పుడు!" అని అరుస్తున్నారు. ఊరు పంతం పట్టింది. కంపెనీవాళ్ళకు ఏం చెప్పాలో, ఎంత ఘాటుగా చెప్పాలో, ఎవరు చెబితే బాగుంటుందో అన్నీ తీర్మానాలైపోయాయి.

ముబీన్ ఇంకా మొదటి ఊరు దాటలేదు.