తుమ్ముల ఫోల్డరు

పళ్ల డాక్టరు గారు ఒక పేషెంటు నోరు తెరిపించి చూస్తుండగా, ఆ పేషెంటు చేతిలోని ఫోన్‌లో డాక్టరు గారి నోరు అంతకంటే పెద్దగా తెరుచుకుని కనిపించింది. కళ్లు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేసి, తుమ్ముకు సరిగ్గా అర క్షణం ముందు. ఫొటో బాగా వచ్చింది. కొండనాలుక కూడా స్పష్టంగా ఉంది.

"ఇది మీరేనా డాక్టరు గారూ?" నోట్లో దూది ఉన్నా పేషెంటు అడగవలసింది అడిగాడు.

ఆ ఫొటో తీసింది వీధి చివరి స్టూడియో ఆయన. ఎవరొచ్చినా "కొంచెం నవ్వండి" అంటాడు గనుక ఊరంతా ఆయన్ని నవ్వండి గారనే పిలుస్తుంది. బాగా వచ్చిన ఫొటో ఇచ్చేసి, పాడైనవి దాచుకోవడం ఆయన అలవాటు. తుమ్ములు, ఆవులింతలు, రెప్పపాట్లు. మంచి ముఖం వాటి పక్కనే ఎక్కడో నక్కి ఉంటుందని ఆయన నమ్మకం. అన్నీ ఇంట్లో బట్టల బీరువా మీద గుర్రుమనే కంప్యూటరు పెట్టెలో ఉంటాయి. స్టూడియోలో కూర్చునే, ఇంటర్నెట్ మీదుగా ఆ పెట్టె తెరిచి కావలసింది లాక్కుంటాడు. కస్టమర్లకు కూడా లింకు పంపుతాడు, ఎవరి ఫొటోలు వాళ్లు చూసుకునేలా.

ఇంటి ఫొటోలు చూసుకోమని పొరుగూళ్లో ఉన్న అక్కకూ ఆ వీలు కల్పించాడు. ఆవిడ పాస్‌వర్డ్ మరిచిపోయినప్పుడల్లా ఫోన్ చేసి, "సొంత అక్కకి తాళమేంట్రా?" అని దులిపేది. పడలేక ఒకనాడు తాళమే తీసేశాడు. అక్క చూసే ఫొటోల అర ఒక్కటే తెరిచాననుకున్నాడు. తెరిచింది మొత్తం పెట్టె. పేషెంటు తన ఫొటోలు చూసుకుంటూ వెనక్కి వెళ్లే బాణం ఒకసారి ఎక్కువ నొక్కాడు, అంతే.

డాక్టరు గారు తెల్లకోటుతోనే స్టూడియోకి వచ్చిపడ్డారు. "ఏమయ్యా నవ్వండీ! ఇకమీద నేను నోరు తెరవమంటే, ముందు మీరు తెరవండి అంటారయ్యా జనం!"

తుమ్ము బాగా కుదిరింది సార్ అనబోయి నవ్వండి గారు నాలుక కరుచుకున్నాడు. క్షమించమని దణ్ణం పెట్టి, ఇంటికి పరుగెత్తి, పెట్టెకు తాళం వేశాడు. ఎవరెవరి ముఖాలు బయటపడ్డాయోనని చూసుకుంటూ పోతుంటే లైబ్రరీ ఆవిడ ఫొటోలు తగిలాయి.

భర్త పోయాక ఉద్యోగంలో చేరుతూ కార్డు ఫొటోకి వచ్చిందావిడ. నవ్వండి అనగానే ఏడ్చేసింది. కెమెరా ఆగలేదు. "ఇవి ఎవరికీ చూపించరుగా?" అందప్పుడు. "ఎంత మాటమ్మా!" అన్నాడు. ఆ ఏడుపును ఎందుకు దాచాడో ఇప్పుడడిగితే చెప్పలేడు. దాని పక్కన ఏ మంచి ముఖమూ నక్కి లేదు. తల తీసేసినట్టయింది.

తుడిచేస్తే సరి, ఆవిడకి తెలిసేదెలా అంది మనసు. అది అన్నందుకు ఇంకా సిగ్గేసి, లైబ్రరీకి నడిచాడు.

ఆవిడ పుస్తకాలకు అట్టలు వేస్తోంది. ఆయన నిలబడే అంతా చెప్పాడు. ఆవిడ చేతిలోని అట్ట మడత మధ్యలోనే ఆగింది.

"ఎవరైనా చూశారా?"

"తెలీదమ్మా. చూసే ఉంటారు."

"ఇంకా ఉన్నాయా?"

"మీ ముందే తీసేద్దామని ఉంచాను."

ఫోన్‌లో ఇంటి పెట్టె తెరిచి ఇచ్చాడు. ఆవిడ ఒక్కొక్క ముఖాన్నీ చూసి, తన వేలితోనే తుడిచేసింది. ఆ తుడవడం ఎంతకీ తెమలలేదు. ఇన్ని ఫొటోలు తీశానా అనుకుంటూ ఆయన తన చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకెప్పుడూ నన్ను నవ్వమనకండి," అంటూ ఫోన్ తిరిగిచ్చింది.

"అననమ్మా."

స్టూడియోకి వచ్చి మిగిలిన తుమ్ములూ ఆవులింతలూ కూడా తుడిచేశాడు. డాక్టరు గారి కొండనాలుక దగ్గర మాత్రం కాస్త తటపటాయించాడు.

ఇంతలో అక్క ఫోన్. "ఒరేయ్, మళ్లీ తాళం పెట్టావేంట్రా! సొంత అక్కని, నేనెలా చూసుకోవాలి ఫొటోలు?"

"ఇంటికొచ్చి తలుపు కొట్టక్కా, నేనే తీసి చూపిస్తా."